పడుగులో గుచ్చిన మాట

పక్కింటి అమ్మాయి ఏదో పరీక్షకు చదువుతోంది. మొన్న పొద్దున పుస్తకంలో వేలు పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చి, "తాతా, పర్‌ఫోర్స్ అంటే ఏంది? అర్థం గావాలె, ఒక సెంటెన్స్ గావాలె" అంది.

ముప్పై ఏళ్లు బళ్లలో ఇంగ్లీషు చెప్పిన మనిషిని నేను. మా వాడకట్టు పిల్లలకు నేనే డిక్షనరీని. ఎవరైనా మాట అడగడమే ఆలస్యం, అన్నం ముందు కూర్చున్నా సరే, కలిపిన ముద్ద పక్కన పెట్టి చెప్పేస్తాను. మా ఇంట్లో దీనికి నన్ను ఆటపట్టిస్తారు కూడా. అలాంటివాణ్ణి, "ఇప్పుడు యాదికి వస్తలేదు బిడ్డా, సాయంత్రం రా" అని అబద్ధమాడి లోపలికి పోయాను.

యాదికి రాకపోవడమేమిటి! పాఠంలో ఆ మాట తగిలినప్పుడల్లా లేని దగ్గు తెచ్చుకుని కింది లైనుకు దిగిన ఘనుణ్ణి. నా దగ్గర చదువుకున్న ఒక్క పిల్లవాడికీ నేను ఆ మాట చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆయన్ని తలుచుకోవాలి. తలుచుకుంటే ఆ పూట నాకు అన్నం సయించదు.

ఆయన పేరు రాయను. ఆయన కూడా ఎక్కడా రాసుకోలేదు, రాసిన ఉత్తరాలన్నిటి కిందా సంతకం సేటుదే. మేమంతా ఆయన్ని ఇంగ్లీషు పంతులు అనేవాళ్లం.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. వరంగల్లు మట్టెవాడలో మా సేటుకు ఒక తివాచీల కార్ఖానా ఉండేది. పెంకుల షెడ్డు, అందులో వరుసగా నిలువు మగ్గాలు. ఒక్కో మగ్గం ముందు అడ్డంగా ఒక బల్ల వేసి ఉండేది. దాని మీద నలుగురం పక్కపక్కన కూర్చుని పడుగు దారాలకు ఉన్ని ముళ్లు వేసేవాళ్లం. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మూడో మగ్గం మీద కూర్చునేవాణ్ణి. నా పక్కన పెద్దయ్య కూర్చునేవాడు. ఆయన అసలు పేరు ఎవరికీ పట్టేది కాదు, కార్ఖానా మొత్తానికి పెద్దయ్యే.

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. మగ్గాల ఎదుట ఒకాయన నిలబడి, తివాచీ బొమ్మ గీసిన నక్షా కాగితం చూస్తూ గొంతెత్తి చదివేవాడు, "రెండు ఎరుపూ!" అని. మేం రెండు ఎర్ర ముళ్లు వేసి, "రెండు ఎరుపు, పడ్డదీ!" అని తిరిగి అరవాలి. అరిస్తేనే ఆయన తర్వాతి రంగు చదువుతాడు. "ఒకటి నీలం!" "ఒకటి నీలం, పడ్డదీ!" పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా అంతే. కొన్నాళ్లకు చేతికంటే నోరే ముందు పలికేది. మా అమ్మ "నీళ్లు తే" అంటే "పడ్డదీ" అని అరిచి తన్నులు తిన్న సందర్భం కూడా ఉంది నాకు.

పంతులు కూర్చునే చోటు ఉన్ని బేళ్ల వెనక మూల. విరిగిన మగ్గం బల్ల ఒకటి తెచ్చుకుని, రెండు బేళ్ల మీద పరుచుకుని, అదే మేజా అనుకునేవాడు. మద్రాసులో మా తివాచీలు కొని ఓడల్లో ఇంగ్లండు సీమకు పంపే దొర ఒకడుండేవాడు. ఆ దొరకు రాయాల్సిన ఉత్తరాలన్నీ పంతులే రాయాలి. దొర తెల్లనా, ఎర్రనా ఎవరం చూడలేదు. అయినా పంతులు ఆ ఉత్తరం రాసే ముందు కోటు గుండీలన్నీ పెట్టుకునేవాడు.

ఆ కోటును చూస్తే నవ్వొచ్చేది. నల్ల కోటే కానీ, కార్ఖానాలో ఎగిరే ఉన్ని నూగంతా పట్టి గొర్రెపిల్లలా ఉండేది. ఆయనకు ఆ నూగు పడదు. గుమ్మం దాటుతూనే వరుసగా మూడు తుమ్ములు తుమ్మేవాడు. తుమ్మి, మగ్గాల వైపు తిరిగి, "బెగ్ యువర్ పార్డన్" అని తల వంచేవాడు. మగ్గాల మీద మమ్మల్ని మనుషులుగా చూసి క్షమాపణ అడిగినవాడు ఆ కార్ఖానాలో ఆయనొక్కడే. మేం ముందు నవ్వుకున్నాం. తర్వాత తర్వాత ఆయన తుమ్ము వినిపించకపోతే ఇంకా రాలేదేమిటని గుమ్మం వైపు చూసేవాళ్లం.

ఉత్తరంలో కొట్టివేత ఉంటే ఆయనకు ప్రాణం ఒప్పదు. ఒక్క అక్షరం తప్పినా, ఒక్క సిరా చుక్క పడినా ఆ కాగితం పక్కన పడేసి మళ్లీ మొదటినుంచి రాయాల్సిందే. సేటు కాగితం దండగవుతోందని గొణిగేవాడు. పంతులు ఆ చెడిన కాగితాలను వేలెడు వెడల్పున చీలికలుగా కోసి, ఒక్కోదాని మీద ఒక ఇంగ్లీషు మాట రాసి, పొద్దున్నే తెచ్చి మగ్గానికొకటి చొప్పున పడుగు దారాల్లో గుచ్చేవాడు, సరిగ్గా మా కళ్ల ముందు. నేత కింది నుంచి పైకి వస్తుంది కదా, సాయంత్రానికి ఆ చీలిక దాకా వచ్చేసరికి మాట నోటికి రావాలి. వస్తే చీలిక తీసేస్తాం. రాకపోతే మర్నాడు ఇంకాస్త పైకి గుచ్చుతాడు. ఎవరు అడిగారయ్యా నిన్ను ఈ పని చేయమని అంటే, "పొద్దంత ఎరుపు, నీలం అనుకుంటనే ఉంటరు. నడుమల ఒక మాట వడితె ఏమైతది?" అనేవాడు.

పాఠం కూడా మా పద్ధతిలోనే చెప్పేవాడు. నక్షా చదివే ఆయన మంచినీళ్లకు పోయినప్పుడు ఆ స్థానంలో వచ్చి నిలబడి మాట చదివేవాడు. మేం బల్లల మీద నుంచి అర్థం అరవాలి. సరిగ్గా చెబితే ఈసారి "పడ్డదీ" అనడం ఆయన వంతు. ఆ అనడంలో ఎంత సంతోషమో! తానే ముడి వేసినట్టు చేతులు కూడా కదిలించేవాడు.

"మాటకు మూడు ఉంటయ్ రా" అనేవాడు. "పలుకుడు ఒకటి. అర్థం ఒకటి. ఎక్కడ వాడొద్దో అది మూడోది. మొదటి రెండు డిక్షనరీల దొరుకుతయ్. మూడోది మనమే చూసుకోవాలె."

ఆ మూడోది కోసమే మేం చెవులు రిక్కించేవాళ్లం. ఎనాన్ అంటే జర సేపట్లో అని చెప్పి, "ఆకలైనోని ముంగట వాడొద్దు" అన్నాడు. వెరిలీ అంటే నిజంగా అని చెప్పి, "సరుకు అమ్మేటోడు వాడొద్దు" అన్నాడు. సేటు అప్పుడే లోపలికి వస్తున్నాడు. మేం నవ్వు ఆపుకోలేక ఉన్నిలో మొహాలు దాచుకున్నాం.

ఇంకొక మాట ఆయన తరచుగా అనేవాడు. ఎవరైనా మాటకు అర్థం అడిగితే తెలిసి కూడా చెప్పకపోవడమంత పిసినారితనం లేదని. "అడిగినోడు దోస్తా, దుష్మనా అని చూడొద్దు. తెలిస్తే చెప్పు, అంతే." ఈ మాట వేరేవాళ్లు ఎంత పట్టించుకున్నారో తెలియదు కానీ నేను మాత్రం నమ్మాను. ఎంత నమ్మానో మీకే తెలుస్తుంది.

పెద్దయ్యకు చూపు మందగిస్తోంది. ఒకనాటి సాయంత్రం వెలుతురు చాలక అంచులో ఆకుపచ్చ పడాల్సిన చోట నీలం ముళ్లు వేశాడు. అది చూసి మేస్త్రీ వచ్చి ఏం మాట్లాడకుండా ఆయన చెంప మీద కొట్టాడు. పెద్దయ్య వయసు మేస్త్రీ తండ్రి వయసు. కొడితే తలపాగా జారి ఉన్నిలో పడింది. పెద్దయ్య దాన్ని తీసుకోలేదు, అలాగే కూర్చుండిపోయాడు. నేను బల్ల దిగాను. నా వెనకే మా మగ్గం వాళ్లు, వాళ్ల వెనక కార్ఖానా అంతా దిగింది. మేస్త్రీ పెద్దయ్యకు చేతులు జోడించే దాకా ముడి వేయం అన్నాం. సేటు తలుపులు మూయించాడు.

వారం దాటింది. జొన్నలు కూడా దొరకడం గగనమైన కాలం. ఇళ్లల్లో పిల్లలు ఏడుస్తున్నారు. అవతల మద్రాసు దొర, సరుకు ఎందుకు ఆలస్యమైందని తంతి మీద తంతి కొడుతున్నాడట. సేటు ఒక షరతు పెట్టాడు. తప్పంతా మాదేనని, ఇంకెన్నడూ ఇలా చేయబోమని ఇంగ్లీషులో కాగితం రాసి, అందరం దానిమీద వేలిముద్ర వేయాలి. దాన్ని దొరకు పంపుతాడు. ఒక్క వేలు తక్కువైనా ఎవరికీ పని లేదు. ఆ కాగితం రాయాల్సింది పంతులే.

కార్ఖానా గేటు బయట ఎండలో అందరం కూర్చున్నాం. పెద్దయ్య ఒక్కటే మాట పట్టుకున్నాడు. "అందరు వెయ్యిన్రి. నేనెట్ల వేస్త? దెబ్బ తిన్నోన్ని నేను, తప్పు నాదెట్లయితది?" ఆయన వేయకపోతే అందరి నోట్లో మట్టే. వేయమని ఆయన్ను అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన మనవరాలు కూడా ఆకలితోనే ఉందని మాకు తెలుసు.

పంతులు ఆయన పక్కన చతికిలబడ్డాడు. కోటుకు మట్టి అంటుతుందని కూడా చూసుకోలేదు. అట్ట ఊడిపోతే పాత నక్షా కాగితం అట్టగా వేసుకున్న తన పెద్ద డిక్షనరీని ఒళ్లో పెట్టుకుని, "పెద్దయ్యా, ఒక సంగతి అడుగుత చెప్పు" అన్నాడు. "మనకు ఒక పని ఇష్టం లేదు. చేసుడు గూడ సరిగాదు. గని చెయ్యకుంటె గడవది. గప్పుడు చేస్తిమనుకో, దాన్ని మన దిక్కు ఏమంటరు?"

పెద్దయ్య ఆలోచించాడు. "ఏమంటం పంతులూ. వేరే దారి లేక చేసినం అంటం."

"గది ఇంగ్లీషుల ఒక్కటే మాట. పర్‌ఫోర్స్. నేను గా కాయితంల రాస్త. తప్పు మాది అని ఉండది. మేము పర్‌ఫోర్స్ ఒప్పుకుంటున్నం అని ఉంటది."

"నిజంగ ఉన్నదా గా మాట? దొరలకు గూడ దారి లేకపోవుడు ఉంటదా?"

"ఉన్నది పెద్దయ్యా. పాత మాట. వాళ్లు ఇప్పుడు ఎక్కువ వాడరు."

"వాడకపోతేంది, ఉన్నది గద" అన్నాడు పెద్దయ్య. కాసేపటికి, "మూడోది చెప్పకపోతివి. ఎక్కడ వాడొద్దు?" అని అడిగాడు.

పంతులు తుమ్మలేదు, నవ్వలేదు. "వేరే దారి ఉండంగ, భయపడి చేసిన పనికి వాడొద్దు. అది ఒట్టి సాకు అయితది" అన్నాడు.

పెద్దయ్య బొటనవేలు చాచాడు. సిరా అంటించి, ఆ వేలు పట్టుకుని కాగితం మీద ఆనించింది నేనే. ఆ తర్వాత అందరం వేశాం. మర్నాడు తలుపులు తెరిచారు.

పెద్దయ్యకు ఆ మాట మీద ఎంత మోజు పుట్టిందో చెప్పలేను. పంతులును పోరి ఆ మాట చీలిక మీద రాయించుకుని నాలుగైదు రోజులు ఉండాలని మా మగ్గానికి కాస్త పైన గుచ్చించాడు. చదవడం రాదు కదా, పని చేస్తూ చేస్తూ నా వైపు వంగి, గుసగుసగా "పర్‌ఫోర్స్" అనేవాడు. నేను "వేరే దారి లేక" అనాలి. ఆయన పళ్లు లేని నోటితో నవ్వి, "పడ్డది" అని ముడి వేసేవాడు. మళ్లీ కాసేపటికి "పర్‌ఫోర్స్." "వేరే దారి లేక." "పడ్డది." రెండు రోజుల్లో వందసార్లు అనిపించి ఉంటాడు. దెబ్బ తిన్న తర్వాత ఆయన నవ్వడం అదే కదా అని నేనూ విసుక్కోకుండా పలికాను. నాలుక మీద ఆ జవాబు అలా కూర్చుండిపోయింది.

మూడో రోజు పొద్దున చిన్న సేటు వచ్చాడు. సేటు కొడుకు, మద్రాసులో చదువుతున్నాడు. కాగితం దొరకు పంపే ముందు మా అందరి ముందూ చదివి వినిపించాలని అతనికి సరదా పుట్టింది. వచ్చి సరిగ్గా నక్షా చదివే ఆయన నిలబడే చోట నిలబడ్డాడు. మగ్గాల మోతలో వినబడాలని, నక్షా చదివే ఆయనలాగే గొంతెత్తి, ఒక్కో మాటా సాగదీస్తూ చదవసాగాడు. మేం ముళ్లు వేస్తూనే వింటున్నాం. చదివి చదివి ఒకచోట ఆగాడు. ఆ మాట అతనికి తెలియదు. కాగితం మొహం దగ్గరికి తెచ్చుకుని, గట్టిగా,

"పర్‌ఫోర్స్?" అన్నాడు.

"వేరే దారి లేక! పడ్డదీ!"

అరిచింది నేనే. నా చేతులు అప్పుడు ముడి మీద ఉన్నాయి. ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో నా బుర్రకు చేరనే లేదు. ఆ చోటునుంచి పిలుపు వచ్చింది, ఈ చోటునుంచి జవాబు పోయింది. ఎప్పుడూ అలాగే పోయేది. తల తిప్పేసరికి షెడ్డులో ఒక్క మగ్గం మీదా చేయి కదలడం లేదు. పెద్దయ్య నన్ను చూస్తున్నాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. అయ్యో బిడ్డా అన్నట్టు చూశాడు.

చిన్న సేటు తండ్రిని పిలుచుకొచ్చాడు. సేటు నా మగ్గం దగ్గరికి రాబోతుంటే బేళ్ల వెనక నుంచి పంతులు దాదాపు పరుగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"వానికేం తెల్వది సేటూ. రోజు నేర్పిన మాటల్ల అదొకటి. వాడు చిలక లెక్క పలుకుతడు. కాయితంల పెట్టింది నేను, నా అంతట నేను పెట్టిన. వీళ్లెవ్వరికి ఎర్క లేదు."

అబద్ధమాడడం ఆయనకు చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి.

సేటు అరవలేదు. చాలా నెమ్మదిగా, "పంతులూ, గిప్పుడే ఇంకో కాయితం రాయి. గా మాట ఉండద్దు. మొత్తం తప్పు మాదే, మా ఇష్టంతోటే రాసిస్తున్నం అని ఉండాలె. రాసెదాక ఎవడు మగ్గం ముట్టద్దు. రాయనంటవా, నువ్వు బయటికి నడువు, నీతోని వీళ్లు గూడ నడుస్తరు" అన్నాడు.

పంతులు మా వైపు చూశాడు. మగ్గం మగ్గం చూశాడు. మేం ఏం చేశామో చెప్పనా? ఏమీ చేయలేదు. రాయొద్దు సారూ, మళ్లీ దిగుతాం అని ఒక్కరం అనలేదు. నేను అనలేదు. ముందు బల్ల దిగినవాణ్ణి నేనే, అప్పుడు మాత్రం దిగలేదు. ఆయన తన మూలకు పోయి రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. తెచ్చినప్పుడు చూస్తే కాగితం మధ్యలో పెద్ద సిరా మరక ఉంది. ఆయన దాన్ని మళ్లీ రాయలేదు.

చదివి వినిపించడం ఆయన అలవాటు. అర్థం చెప్పకుండా ఎవరి వేలూ ముట్టుకోడు. ఆ కాగితాన్ని కూడా మొత్తం తెలుగులో చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. ఒక్కో మగ్గం దగ్గరికీ పోయి ముద్రలు తీసుకుని చివరకు పెద్దయ్య దగ్గరికి వచ్చాడు.

"ఈ మాటు గా మాట లేదా పంతులూ?"

"లేదు పెద్దయ్యా."

"నువ్వే రాసినవా?"

"నేనే."

పెద్దయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. మొన్నటి సిరా ఇంకా పోలేదు. "అయితె ఇయ్యి. నేను పెట్టకుంటె నీ నౌకరి తీస్తడు" అని తనే కాగితం లాక్కుని ముద్ర వేశాడు. పెద్దయ్య ఆయన కోసం వేశాడు. ఆయన మా కోసం రాశాడు. ఇద్దరికీ ఆ గతి పట్టించింది నా నోరు.

మర్నాడు గుమ్మంలో తుమ్ము వినిపించలేదు. ఆ మర్నాడూ లేదు. నౌకరి సేటు తీయలేదు, ఆయనే మానేశాడు. ఆ సాయంత్రం నేత, చీలిక దాకా వచ్చింది. నేను దాన్ని తీయబోతే పెద్దయ్య నా చేయి పట్టుకున్నాడు. "ఉండనీ" అన్నాడు. ఆ కాగితం ముక్కను పడుగులోనే ఉంచి, దాని మీదుగా ముళ్లు వేసి, దువ్వెన లాంటి పంజాతో దిగగొట్టాడు. ఆ తివాచీ సీమకు పోయింది. ఎవరి ఇంట్లో ఎవరు తొక్కుతున్నారో.

నేను నాలుగు రోజులు ఓర్చుకుని పంతులు ఇంటికి పోయాను. గిర్మాజీపేటలో చిన్న అద్దె ఇల్లు. వాళ్లమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి, "మీకు గూడ సెలవేనా బిడ్డా? మావోడు గూడ ఇంట్లనే ఉంటాండు, ఇన్ని దినాలు సెలవు ఎన్నడు ఇయ్యలే" అంది. ఆయన ఆమెకు చెప్పలేదన్నమాట. నేను తల ఊపాను.

ఆయన లోపల కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కోటు కొయ్యకు వేలాడుతోంది. ఎవరో శుభ్రంగా దులిపారు, నూగు ఒక్క పోగు లేదు. అది చూడగానే నాకు ఏడుపు ఆగలేదు.

"ఎందుకురా ఏడుస్తానవ్? అర్థం తప్పు చెప్పినవా?"

"లేదు సారూ."

"అడిగితె చెప్పినవ్. నేను నేర్పిందే గద. అడిగినోడు ఎవడైనా చెప్పుమన్నది నేనే."

"నేను నోరు మూసుకోని ఉంటె..."

"నోరు మూసుకునుడు నేను నేర్పలే" అన్నాడు ఆయన.

ఏదో ఒకటి అని ఆయన మనసు తేలిక చేయాలని నేను తంటాలు పడ్డాను. పంతొమ్మిదేళ్లవాడికి ఏం తోస్తుంది? ఆయన మాటనే ఆయనకు అప్పజెప్పాను. "రెండో కాయితం మీరు పర్‌ఫోర్స్ రాసిన్రు సారూ. అందరికి ఎరికే" అన్నాను.

వాళ్లమ్మ చాటలో బియ్యం కదిపిన చప్పుడు వినిపిస్తోంది.

"లేదు బిడ్డా" అన్నాడు. "అక్కడ గా మాట వాడొద్దు. నాకు వేరే దారి ఉండె. రాయను అని కలం కింద పెట్టేటిది ఉండె. మీరు గూడ నా ఎన్క దిగేటోళ్లేమో, అడిగి చూడలే. అడగకుంటనే రాసిన. భయపడ్డ."

నేను లేచి వచ్చేస్తుంటే, గుమ్మం దాకా వచ్చి, నన్ను ఊరడించాలనే కాబోలు, నక్షా చదివినట్టు గొంతెత్తి "పర్‌ఫోర్స్!" అని పిలిచాడు. నవ్వడానికి ప్రయత్నిస్తూ నా జవాబు కోసం చూస్తున్నాడు. వాళ్లమ్మ కూడా చాట ఆపి చూసింది. ఆయన పిలుపుకు నేను జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. తల వంచుకుని వీధిలోకి దిగి వచ్చేశాను.

తర్వాత ఆయన తల్లిని తీసుకుని హసన్‌పర్తికి వెళ్లిపోయాడని విన్నాను. అక్కడ రైతుల పిల్లలకు చదువు చెబుతున్నాడని కూడా విన్నాను. పెద్దయ్య ఆ ఏడు చివర్లోనే పూర్తిగా చూపు పోయి బల్ల దిగాడు. నేను కూడా మగ్గం వదిలి, పడుతూ లేస్తూ చదివి మెట్రిక్ పాసయ్యాను. పాసైన రోజు మొదట ఆయనకే చెప్పాలనుకున్నాను. రేపు పోదాం అనుకున్నాను. వర్షాలు తగ్గాక అనుకున్నాను. ఉద్యోగం వచ్చాక కొత్త బట్టలతో పోదాం అనుకున్నాను. ఉద్యోగం వచ్చింది, కొత్త బట్టలూ వచ్చాయి. హసన్‌పర్తి ఎంత దూరం? పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. ఆ దారిలో పెళ్లిళ్లకు పోయాను, ఒకసారి ఎద్దుల బేరానికి పోయాను. ఆయన ఇంటికి పోలేదు.

చనిపోయాడన్న కబురు కూడా ఎప్పుడో ఒక ఏడాది ఆలస్యంగా తెలిసింది. హసన్‌పర్తి నుంచి మా బడికి బదిలీ మీద వచ్చిన ఒక టీచరు, తాను చిన్నప్పుడు ఒక పంతులు దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నానని, ఆయన మాటకు మూడు ఉంటాయనేవాడని మాటల్లో చెప్పాడు. నా చేతిలో సుద్దముక్క విరిగింది. ఎలా ఉన్నాడని అడిగాను. పోయిన ఏడే పోయాడు అన్నాడు. చివర్లో మనుషులను కూడా సరిగ్గా గుర్తుపట్టేవాడు కాదట, కానీ గుమ్మంలో ఎవరి నీడ పడినా ఏదో ఒక ఇంగ్లీషు మాట పిలిచి, వాళ్లు ఏమంటారో అని చూసేవాడట. ఎవరికీ ఏమనాలో తెలిసేది కాదట.

నాకు తెలుసు. ఏమనాలో నాకు తెలుసు. నేను పోలేదు.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న సంజాయిషీలన్నీ ఆయన ముందు పెడితే, ఒక్కొక్కటీ చూసి, ఇక్కడ గా మాట వాడొద్దు బిడ్డా అనేవాడు. నాకు వేరే దారి ఉండింది. భయపడ్డాను.

సాయంత్రం పక్కింటి అమ్మాయి మళ్లీ వచ్చింది. "తాతా, యాదికి వచ్చిందా?" అంది. వచ్చిందన్నాను. ఆమె పెన్ను తీసుకుని అరుగు మీద కూర్చుని, నోట్‌బుక్ తెరిచి, పరీక్ష పెట్టే టీచరులా "పర్‌ఫోర్స్?" అని గట్టిగా అంది.

"వేరే దారి లేక!" అన్నాను. ముసలి గొంతుతో ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగా అన్నాను. వీధిలో పోయేవాళ్లు కూడా తిరిగి చూశారు.

అమ్మాయి రాసుకుంటోంది. నేను మాత్రం ఇంకా గుమ్మం వైపు చూస్తున్నాను, "పడ్డదీ" అని ఆయన అంటాడేమోనని.